కృష్ణా, గుంటూరు ప్రాంతంలో బంగారం ధరల చరిత్ర: పాత లెక్కలు ఎలా చదవాలి, ఎక్కడ వెతకాలి?

పొన్నూరు పాఠకుడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మన ప్రాంతంలో గత రెండు వందల ఏళ్లలో బంగారం విలువ ఎలా మారుతూ వచ్చిందో ఒక వ్యాసం రాస్తున్నాను. ప్రపంచ చరిత్ర క్లుప్తంగా చాలు. ఇక్కడి దస్తావేజుల్లో, లెక్కల పుస్తకాల్లో ఉన్నదే ముఖ్యం. ప్రస్తుతం చేతిలో ఉన్నవి ఇవి:

తెనాలి వైపు ఒక రైతు కుటుంబపు జమాఖర్చు పుస్తకం. అందులో "ఆంగీరస, మాఘ మాసం, ఆరు కాసుల గొలుసు అమ్మగా వచ్చినది రూ. 110-0-0" అని ఉంది. ఇంగ్లీషు సంవత్సరం ఎక్కడా లేదు.

పసుపు కుంకుమల కింద ఆడపిల్లకు రాసిచ్చిన రెండు దస్తావేజుల నకళ్లు. పాతదాంట్లో "పది వరహాల ఎత్తు కంటె", తర్వాతి దాంట్లో "అయిదు తులాల వడ్డాణం" అని ఉన్నాయి.

వాట్సాప్‌లో తిరిగే పట్టిక ఒకటి. దాని ప్రకారం 10 గ్రాముల ధర 1947లో 88 రూపాయల చిల్లర, 1962లో 119 చిల్లర, 1964లో 63.25. బంగారం అంతలా ఎలా పడిపోయింది?

వీటన్నిటినీ ఒకే వరుసలో పెట్టడం ఎలా? ఇంకా ఏ ఆధారాలు, ఎక్కడ దొరుకుతాయి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

ఒరగల్లు:

పాఠకుడు గారూ, పాత బంగారం లెక్క ఏది దొరికినా ముందు ధర జోలికి వెళ్లకండి. బరువు ఏ కొలతలో ఉంది, వన్నె (స్వచ్ఛత) ఎంత, డబ్బు ఏ నాణెంలో ఉంది, ఈ మూడూ తేలాక గ్రాము మేలిమికి, అంటే కల్తీ లేని బంగారానికి, ఎంత పడిందో కట్టండి. వీటిలో ఒక్కటి తెలియకపోయినా ఆ లెక్కను వరుసలో కలపకుండా పక్కన ఉంచడమే మంచిది.

మొదట బరువులు. తులం 180 గ్రెయిన్లు, అంటే 11.664 గ్రాములు. 1833లో కంపెనీ ప్రభుత్వం దీన్ని ఖాయం చేసింది. రూపాయి నాణెం బరువూ అంతే కాబట్టి పాత కాగితాల్లో "రూపాయి ఎత్తు" అన్నా తులమే. ఇప్పుడు చాలామంది తులం అంటే 10 గ్రాములు అనుకుంటారు. మెట్రిక్ తూనికలు వచ్చాక, అంటే 1960ల తర్వాత స్థిరపడిన వాడుక అది. మీ అయిదు తులాల వడ్డాణం అంతకు ముందుదైతే 58.3 గ్రాములు. 50 అని వేసుకుంటే ఎనిమిది గ్రాములకు పైగా, ఇంచుమించు ఒక కాసు, లెక్కలోంచి జారిపోతుంది.

కాసు అంటే ఇప్పుడు మన అంగళ్లలో నికరంగా 8 గ్రాములు. పాత కాసుకు మూలం ఇంగ్లండు సవరను. దాని బరువు 7.988 గ్రాములు, 22 క్యారెట్లు, అందులో మేలిమి 7.322 గ్రాములు. బరువులో తేడా స్వల్పమే గానీ "కాసు" అన్నచోట సవరను నాణేన్నే ఉద్దేశించారా, కాసు ఎత్తు నగనా అన్నది చూడాలి. నాణెమైతే వన్నె ఖాయం. నగైతే కంసాలి ఎంత రాగి కలిపాడో ఆ కాగితం చెప్పదు.

వరహాతో ఇంకా జాగ్రత్త. మద్రాసు నక్షత్ర వరహా సుమారు 3.4 గ్రాములు. "పది వరహాల ఎత్తు" అంటే 34 గ్రాముల బరువు, అంతే. వరహా నాణెం వన్నె 80 శాతం దగ్గర ఉండేది. ఆ వన్నెను కంటెకు అంటగట్టకూడదు. అదే దస్తావేజులో "ఎత్తు" అన్న మాట లేకుండా "పది వరహాలు" అని ఉంటే అది డబ్బు. కంపెనీ లెక్కలో వరహాకు మూడున్నర రూపాయలు కాబట్టి 35 రూపాయలు. ఆ మారకం అన్నిచోట్లా ఒకటి కాదు. దస్తావేజులోనే వరహా, రూపాయి రెండూ ఉంటే దాని మారకమే వాడండి.

గురువింద గింజ ఎత్తు సుమారు 0.12 గ్రాము. గింజకూ గింజకూ తేడా ఉంటుంది కనుక గింజల్లో చెప్పిన బరువును రెండో దశాంశం దాకా లాగడం వృథా. "పదహారు వన్నె" అంటే మేలిమి అని మాత్రమే తీసుకోండి. పద్నాలుగు వన్నె కనబడితే పదహారో వంతుల లెక్కన గుణించి 21 క్యారెట్లు అని రాసేయకండి. వన్నెల మెట్లు ఊరూరా ఒకే ఎడంలో ఉన్నాయనుకోవడానికి ఆధారం కావాలి.

ఇక మీ ఆంగీరస లెక్క. ఆ పేరు గల సంవత్సరాలు 1872-73, 1932-33, 1992-93. మాఘం కాబట్టి జనవరి, ఫిబ్రవరి రోజులు. 1992ది కాదని అణా పైసల లెక్కే చెబుతోంది. మిగిలిన రెండింటిలో ఏదో ధరే తేలుస్తుంది. 110 రూపాయలను ఆరుతో భాగిస్తే కాసుకు 18 రూపాయల 5 అణాల చిల్లర. 1872 ప్రాంతంలో సవరను పది రూపాయల చిల్లరకే వచ్చేది, ఆరు కాసులకు అరవై చిల్లరకు మించి రాదు. కాబట్టి ఇది 1933 మొదటి నెలలది.

సవరను వన్నె అనుకుంటే ఆరు కాసుల్లో మేలిమి 43.93 గ్రాములు. గ్రాముకు రూ. 2.50, తులానికి రూ. 29.20. గొలుసు 20 క్యారెట్లదైతే మేలిమి 39.94 గ్రాములు, తులానికి రూ. 32.10. దీన్ని మరో దారిలో సరిచూడొచ్చు. అప్పుడు లండనులో ఔన్సు ఆరు పౌండ్ల చుట్టూ ఉంది. రూపాయికి 18 పెన్నీల మారకంలో పౌండుకు రూ. 13.33. ఔన్సుకు 80 రూపాయలు, ఔన్సు 31.1035 గ్రాములు, తులానికి 30 రూపాయలు వస్తాయి. రైతుకు దక్కిన ధర దానికి దగ్గర్లోనే ఉంది. కొన్నవాడు తరుగు ఎంత కోశాడన్నది మాత్రం దీన్నిబట్టి తేలదు.

ఒక హెచ్చరిక. అమ్మిన ధర, కొన్న ధర ఒకే గడిలో వేయకండి. కొన్నప్పుడు తరుగు, మజూరీ కలుస్తాయి. అమ్మినప్పుడు మజూరీ పోతుంది, అతుకుల్లోని పొడికి, లోపలి లక్కకు, రాళ్లకు బరువు కోస్తారు. ఒకే రోజు, ఒకే నగ, రెండు ధరలు. పట్టికలో "అమ్మకం / కొనుగోలు" అని విడిగా ఒక గడి ఉండి తీరాలి.

బొమ్మలేని బొరుసు:

ఒరగల్లు గారి లెక్కకు డబ్బు వైపు నుంచి కొంత కలుపుతాను. బంగారం ధర పెరిగిందని మనం రాసే చాలా సందర్భాల్లో బంగారం కదలలేదు, రూపాయి కదిలింది. పాఠకుడు గారి వ్యాసానికి వెన్నెముక ఇదే కావాలని నా గట్టి అభిప్రాయం.

మద్రాసు రాజధానిలో 1818లో వరహా పోయి రూపాయి ప్రమాణ నాణెమైంది. 1835 చట్టంతో కంపెనీ ఏలుబడి అంతటా ఒకే రూపాయి వచ్చింది. బరువు 180 గ్రెయిన్లు, అందులో అసలు వెండి 165. 15 రూపాయల బంగారు మొహరు కూడా అదే బరువు, అదే వన్నె. అంటే బంగారం విలువ వెండికి పదిహేను రెట్లు. 1870లలో జర్మనీ వంటి దేశాలు వెండి నాణేలు వదిలి బంగారానికి మారాయి, అమెరికా గనుల వెండీ తోడై వెండి ధర పడిపోయింది. మన రూపాయి వెండిది గనుక దానితోపాటు జారింది. సుమారు 23 పెన్నీలున్న రూపాయి 1893 నాటికి 15 పెన్నీలకు వచ్చింది. ఆ ఇరవై ఏళ్లలో బెజవాడలో సవరను ప్రియమైందంటే కారణం బెజవాడలో వెతకకూడదు.

1893లో ప్రజలు వెండి తెచ్చి టంకసాలలో రూపాయలు కొట్టించుకునే హక్కు ఆపేశారు. 1899లో సవరనును 15 రూపాయలకు చట్టబద్ధ నాణెం చేశారు. ఇక్కడ చేతి లెక్క చేయండి. 15ను 7.322తో భాగిస్తే గ్రాము రూ. 2.05, పది గ్రాముల మేలిమి రూ. 20.49. తర్వాత 1927 చట్టం తులం మేలిమికి రూ. 21-3-10 ఖాయం చేసింది. పది గ్రాములకు రూ. 18.21. బంగారం చవకైందా? కాదు. రూపాయిని 16 పెన్నీల నుంచి 18 పెన్నీలకు ఎక్కించారు. 20.49ని 16తో గుణించి 18తో భాగించండి, సరిగ్గా 18.21 వస్తుంది. మొత్తం తేడా మారకానిదే. (మధ్యలో 1920లో సవరనుకు 10 రూపాయలు అని ఒక ప్రయత్నం జరిగింది, నిలబడలేదు. ఆ ఒకటి రెండేళ్ల ప్రభుత్వ ధరలు అంగడి ధరలతో కలవవు.)

21-3-10 అని ఉన్నదాన్ని కంప్యూటర్లో 21.310 అని ఎక్కించినవాళ్లు చాలామంది. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు, మొత్తం 192. మూడణాల పది పైసలంటే 46 పైసలు, 46ను 192తో భాగిస్తే 0.24. కాబట్టి 21.24. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేదాకా ప్రతి లెక్కా ఇలాగే మార్చాలి.

1931 సెప్టెంబరు 21న బ్రిటన్ బంగారు ప్రమాణం వదిలింది. పౌండు దిగింది, దానికి కట్టిన రూపాయి కూడా దిగింది, రూపాయల్లో బంగారం లేచింది. అదే సమయంలో మాంద్యం వల్ల వడ్ల ధర కూలిపోయి ఉంది, శిస్తు మాత్రం నగదులో కట్టాలి. ఇళ్లలోని నగలు కరిగి కడ్డీలై బొంబాయి మీదుగా ఓడలెక్కాయి. మీ ఆరు కాసుల గొలుసు సరిగ్గా ఆ కాలానిది. అమ్మినదాని పక్కనే ఆ నెలలో శిస్తు కట్టిన లెక్కో, అప్పు తీర్చిన లెక్కో ఉందేమో తప్పకుండా చూడండి. ఉంటే మీ వ్యాసంలో అంతకంటే విలువైన ఆధారం ఇంకొకటి ఉండదు.

ఇక 1964. స్వాతంత్ర్యం వచ్చాక బంగారం దిగుమతి మూసేశారు. అప్పట్లో ప్రపంచ ధర ఔన్సుకు 35 డాలర్లు, డాలరుకు రూ. 4.76. లెక్క కడితే పది గ్రాములకు సుమారు రూ. 53.60. దేశంలో మాత్రం దానికి రెట్టింపు చుట్టూ పలికింది. ఆ తేడాయే దొంగ రవాణాకు మూలం. చైనా యుద్ధం తర్వాత 1963 జనవరిలో మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రిగా ఉండగా బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. కొత్త నగ 14 క్యారెట్లు మించకూడదన్నారు. ఆ నియమం 1966లో ఎత్తేశారు. మీ పట్టికలో పల్లం కూడా సరిగ్గా ఆ ఏళ్లలోనే ఉంది. 63.25 అన్నది 14 క్యారెట్ల ధరే అయితే 24/14తో గుణించండి, 108.40 వస్తుంది. 1962 నాటి 119తో పోలిస్తే అది మామూలు తగ్గుదల. కాబట్టి ఆనాటి దినపత్రికలో వన్నె చూసి సరిచేసేదాకా 1963-66 అంకెలను గీతలో కలపకండి. గీతలో ఆ నాలుగేళ్లు ఖాళీగా వదిలి కింద ఎందుకో రాయండి.

తర్వాతి మెట్లు త్వరగా చెబుతాను: 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గింపు (డాలరుకు 4.76 నుంచి 7.50), 1968 బంగారం నియంత్రణ చట్టం, 1971 ఆగస్టు 15న అమెరికా డాలరుకు బంగారం ఇవ్వడం ఆపడం, 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లు, 1990లో మన నియంత్రణ చట్టం రద్దు. 1991లో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని బయటి దేశాల్లో తాకట్టు పెట్టింది. 1970ల నుంచి ఇప్పటిదాకా ఏటా సగటు ధర కావాలంటే రిజర్వు బ్యాంకు గణాంకాల సంపుటి చాలు, వాట్సాప్ పట్టిక అవసరం లేదు.

రికార్డు గది:

ఎక్కడ వెతకాలన్నది నేను చెబుతాను. ముందు జిల్లా సరిహద్దులు. చాలామంది ఇక్కడే దారి తప్పి "రికార్డు లేదట" అని వెనక్కి వస్తారు. 1859కి ముందు గుంటూరు ఒక జిల్లా, బందరు ఒక జిల్లా. 1859లో పాత గుంటూరు జిల్లా కృష్ణాలో కలిసింది. 1904లో గుంటూరు మళ్లీ విడిపోయింది. అంటే తెనాలి, నరసరావుపేట, బాపట్ల సంగతి 1880 నాటిది కావాలంటే కృష్ణా జిల్లా కింద అడగాలి. 1883లో అచ్చయిన కృష్ణా జిల్లా మాన్యువల్ ఈ కారణంగానే గుంటూరు వాళ్లకు కూడా పనికొస్తుంది. 1970లో ప్రకాశం, 2022లో ఎన్టీఆర్, పల్నాడు, బాపట్ల వచ్చాయి కదా, కనుక ఊరి పేరు పక్కన ఆనాటి తాలూకా పేరు కూడా రాసుకుని వెళ్లండి.

మద్రాసు రాజధాని కాలపు జిల్లా రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. గుంటూరు, మచిలీపట్నం కలెక్టర్ల ఉత్తరాల సంపుటాలు అక్కడ ఉన్నాయేమో ముందుగా అడగండి. వరహా నుంచి రూపాయికి మారిన కాలం, 1832-33 గుంటూరు కరువు కాలం మీకు కావాలంటే ఆ సంపుటాలు చూడాల్సిందే. సంస్థ నుంచో విశ్వవిద్యాలయం నుంచో పరిచయ పత్రం పట్టుకెళ్లండి. సంపుటం సంఖ్య, పుట సంఖ్య లేకుండా తీసుకున్న ఏ నోట్సూ తర్వాత అక్కరకు రాదు.

దస్తావేజుల విషయం. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఒకటో పుస్తకం స్థిరాస్తులది, మూడోది వీలునామాలది, నాలుగోది ఇతరత్రా దస్తావేజులది. పసుపు కుంకుమల కింద పొలం ఇచ్చి, దానితోపాటు నగల జాబితా రాస్తే అది ఒకటో పుస్తకంలో ఉంటుంది. ఎవరైనా రుసుము కట్టి నకలు తీసుకోవచ్చు. నగలు మాత్రమే ఉన్న ఒప్పందమైతే నాలుగో పుస్తకం. మూడు, నాలుగు పుస్తకాల నకళ్లు సంబంధించిన వారికో వారి తరఫు వారికో తప్ప ఇవ్వరు. కాబట్టి ఆ కుటుంబం నుంచి అధికార పత్రం ఉండాలి. ఊరు ఒక ఆఫీసు పరిధి నుంచి ఇంకో ఆఫీసు పరిధికి మారి ఉంటే పాత పుస్తకాలు పాత ఆఫీసులోనే ఉండవచ్చు. "మా దగ్గర లేదు" అంటే ముందు ఆ ఊరు ఏ ఆఫీసు కింద ఉండేదో అడగండి.

పాత పత్రికలు మీకు అన్నిటికంటే ఎక్కువ పనికొస్తాయి. కృష్ణా పత్రిక 1902లో బందరులో మొదలైంది. ఆంధ్ర పత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. వీటి పాత సంచికలు ప్రెస్ అకాడమీ వారు స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టారు. అక్షరాలతో వెతకడం కుదరదు, తేదీ పట్టి పుట తిరగేయాలి. చీరాల దగ్గర వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికల సంపుటాలు ఉన్నాయి. స్కాన్‌లో మసకబారిన పుటలు అక్కడ కాగితం మీద చదువుకోవచ్చు. విజయవాడ రామమోహన గ్రంథాలయం, గుంటూరు అన్నమయ్య గ్రంథాలయం కూడా చూడండి. పాత తెలుగు పుస్తకాలకు అన్నమయ్య గ్రంథాలయం మంచి చోటు.

ధరవరలు రాసుకునేటప్పుడు తేదీ, ఊరు (బొంబాయా, మద్రాసా, బెజవాడా), సరుకు (మేలిమి కడ్డీ, సవరను, నగ), కొలత, ధర, పుట అని ఆరు గడులు వేయండి. బొంబాయి ధరను బెజవాడ ధరగా రాయడం మామూలుగా జరిగే పొరపాటు. దినపత్రికలో పడిన ధర సాధారణంగా అంతకు ముందు రోజు సంతది. నెలకొక తేదీ, ఉదాహరణకు 15వ తేదీ, పట్టుకుంటే పని తగ్గుతుంది. కానీ 1931 సెప్టెంబరు నుంచి 1932 చివరి దాకా వారానికొకటి తీయండి. ధర దౌడు తీసిన కాలం అది.

పొన్నూరు పాఠకుడు:

ఒరగల్లు గారూ, బొరుసు గారూ, రికార్డు గది గారూ, ఎంతో సాయం చేశారు, ధన్యవాదాలు. ఆంగీరస పుట మళ్లీ చూశాను. గొలుసు అమ్మకం కింద రెండు వరుసల తర్వాత "శిస్తు రెండవ కిస్తీ" అని ఉంది.

ఇంకో రెండు అడగాలి. వరహా కంటే ముందు సంగతి రెండు పేరాల్లో చెప్పాలంటే ఏవి తప్పక ఉండాలి? రెండోది, ఆ కుటుంబం దగ్గర పాత కాసు ఒకటి ఉంది, అసలు సవరనా కాదా అని గీయకుండా చూడొచ్చా?

నాగార్జునకొండ నాణెం:

మొదటిదానికి నా జవాబు. మన ప్రాంతానికే పరిమితమైతే మూడు మజిలీలు వదలకూడదు.

ఒకటి రోము వ్యాపారం. వినుకొండలో రోమన్ బంగారు నాణేల నిధి దొరికింది, నాగార్జునకొండ తవ్వకాల్లోనూ రోమన్ బంగారం బయటపడింది. అదే కాలంలో ఇక్కడ ఏలిన శాతవాహనులు నాణేలు వేసింది సీసం, రాగి, పోటిన్ (రాగి ప్రధానంగా ఉన్న మిశ్రమ లోహం), వెండితో. బంగారంతో కాదు. కాబట్టి వచ్చిన బంగారం మన సంతలో చిల్లరగా తిరగలేదు. బరువు పట్టి విలువ కట్టే సొత్తుగా, నగగా ఉండిపోయింది. దక్షిణ దేశంలో దొరికిన రోమన్ నాణేల్లో చాలావాటికి మెడలో వేసుకునే కొక్కేలు, చిల్లులు ఉండటం దీనికి సాక్ష్యం. ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) భారతదేశం లాక్కుపోతోందని రోములో ప్లినీ వాపోయాడు. అది నిజమైన లెక్కా, విలాసాల మీద కోపమా అని చరిత్రకారులు నేటికీ వాదించుకుంటున్నారు, కనుక ఆ అంకెను ఆదాయ లెక్కగా కాక ఆయన మాటగానే ఉటంకించండి. నీరో చక్రవర్తి 64లో బంగారు నాణెం బరువు తగ్గించాడు. నాణెం ఎవరిదో తెలిస్తే బరువు కూడా సరిచూడొచ్చు.

రెండు, వేంగి చాళుక్యులు. శక్తివర్మ, రాజరాజ నరేంద్రుల పలుచని వరాహ ముద్ర బంగారు నాణేలు అరకాన్ తీరంలో, సయాం వైపు కూడా దొరికాయి. మన రేవుల నుంచి బంగారం బయటికి కూడా వెళ్లిందన్నమాట.

మూడు, మోటుపల్లి. గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం ఓడ వర్తకులకు భద్రత ప్రకటించింది. అంతకు ముందు రాజులు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా లాక్కునేవారని, తాను న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటానని అందులో ఉంది. గంధం, కర్పూరం, ముత్యాల వంటి సరుకులకు సుంకం కూడా బంగారు నాణేల లెక్కలోనే. శాసనాలు మూలంలో చదవాలంటే దక్షిణ భారత శాసనాల పదో సంపుటం పూర్తిగా తెలుగు శాసనాలదే. మాడలు, గద్యలు, రూకలు అనే ఆనాటి నాణేల పేర్లు పుటపుటకూ వస్తాయి. వాటిని గ్రాముల్లోకి మార్చకండి. ఎన్ని మాడలకు ఎంత భూమి, ఎన్ని అఖండ దీపాలు అన్న పోలికే నమ్మదగింది.

గనుల సంగతి ఒక వాక్యం చాలు: కోలారులో ఆధునిక తవ్వకం 1880లలో మొదలై 2001 ఫిబ్రవరి 28న ఆగింది, కర్నూలు వైపు జొన్నగిరి, అనంతపురం వైపు రామగిరి మన పాత బంగారు నేలలు. కృష్ణా డెల్టాలో బంగారు గని ఏదీ లేదు. ఇక్కడి బంగారమంతా పంటకు, బట్టకు, రేవుకు బదులుగా వచ్చింది.

ఒరగల్లు:

కాసు పరీక్ష గురించి. గీటు వద్దు, ద్రావకం వద్దు, చింతపండు వేసి తోమడం అసలే వద్దు. పాత నాణెం మీద ముద్ర అరిగితే తిరిగి రాదు.

0.01 గ్రాము చూపే త్రాసు కావాలి. 0.1 చూపేది ఈ పనికి చాలదు. ముందు గాలిలో తూచండి, 7.98 దగ్గర ఉండాలి. బాగా అరిగినదైతే 7.9 దాకా దిగవచ్చు. తర్వాత త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. సన్నటి దారానికి నాణెం కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. త్రాసు చూపే అంకె నాణెం తోసిన నీటి బరువు. అసలు సవరనుకు 0.45 రావాలి. 7.98ని 0.45తో భాగిస్తే 17.7. రాగి కలిసిన 22 క్యారెట్ల సాంద్రత 17.6 దగ్గర, మేలిమిది 19.32. త్రాసు 0.46 చూపినా ఫలితం 17.3కు పడిపోతుంది, అంత సున్నితం. అందుకే అయిదారుసార్లు తూచి సగటు తీయండి. నాణెం మీద బుడగలు అంటితే సాంద్రత తక్కువగా వస్తుంది. నీళ్లలో ఒక్క చుక్క సబ్బు కలిపితే బుడగ నిలవదు.

పదిహేను, పదహారు వస్తే వన్నె తక్కువ. నకలు సవరన్లు 22 క్యారెట్లతో కూడా పోశారు కాబట్టి సాంద్రత సరిపోయినంత మాత్రాన అది టంకసాల నాణెమని కాదు. వ్యాసం 22.05 మిల్లీమీటర్లు ఉందా, అంచు గాట్లు సమంగా ఉన్నాయా చూడండి. సంవత్సరం 1918 ఉండి, సంవత్సరానికి పైన చిన్న ఇంగ్లీషు ఐ అక్షరం ఉంటే అది బొంబాయిలో కొట్టినది. కొక్కెం అతికించిన కాసు అయితే ఈ పరీక్ష కుదరదు, అతుకు పొడి సాంద్రతను మార్చేస్తుంది. కాసులపేరులోని కాసుల్లో చాలావరకు రేకు మీద అచ్చొత్తినవి, వాటిని సవరన్ల లెక్కలో వేయకండి.

బొమ్మలేని బొరుసు:

శిస్తు కిస్తీ పక్కనే దొరకడం చాలా గొప్ప సంగతి, పాఠకుడు గారూ. అదే పుటల్లో వడ్ల అమ్మకం కూడా చూడండి. కాసుకు ఎన్ని బస్తాల వడ్లు అన్న లెక్క వేస్తే రూపాయి గొడవ చాలావరకు తప్పుతుంది. కాకపోతే కొలత తెలియాలి. మద్రాసు మణుగు ఎనిమిది వీశెలు, అంటే 960 తులాలు, ఇప్పటి 11.2 కిలోలు. రైల్వే రసీదుల్లోని మణుగు 3,200 తులాలు, 37.3 కిలోలు. ఒకే మాటకు మూడు రెట్లకు పైగా తేడా. పుట్టి ఊరిని బట్టి మారేది. ఆ పుస్తకంలోనే "పుట్టికి ఇన్ని బస్తాలు" అని ఎక్కడైనా రాసి ఉంటే అదే వాడండి, బయటి నిఘంటువు కొలత తెచ్చి పెట్టకండి. వడ్ల ధర కూడా అదే మాఘంలో అమ్మినదే కావాలి. కుప్ప నూర్పిళ్ల నాటి ధరకూ, వేసవి చివరి ధరకూ పోలిక ఉండదు.

పొన్నూరు పాఠకుడు:

వడ్లు ఉన్నాయండీ, అదే నెలలో రెండుసార్లు అమ్మారు, కొలత పుట్టిలోనే ఉంది. పుట్టికి ఎన్ని బస్తాలో ముందు పుటల్లో వెతికి, అన్ని పుటలూ ఫొటో తీసి, పుట సంఖ్యలతో సహా పట్టిక ఇక్కడే పెడతాను. 1963-66 గడులు ఖాళీగానే ఉంచుతున్నాను.